తొందర ఎవరిది? లాభం ఎవరిది?

(సెల్‌ఫోన్ వ్యసనం, అప్పుల యాప్‌ల మీద వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం. సభలో అక్కలు, తమ్ముళ్లు అడిగిన ప్రశ్నలకు చెప్పిన జవాబులు కూడా ఇందులోనే కలిపాం.)

 

కూలిరేటు గురించో, శ్మశానం జాగా గురించో మాట్లాడతామని మీరు వచ్చి ఉంటారు. అవి మాట్లాడాల్సిందే, వదిలిపెట్టేది లేదు. కాని ఈ పదిహేను రోజుల్లో మన వాడలో మూడిండ్లు తిరిగాం. మూడిండ్లలోనూ ఒకటే బాధ. అందుకే ఇవాళ సెల్‌ఫోను గురించి మాట్లాడదామని అనుకున్నాం.

ఒక ఇంటి సంగతి చెప్తాం. పేరు చెప్పం. పేరు చెప్తే ఆ పోరని మీద పడతారు, అసలు దొంగ తప్పించుకుంటాడు. ఆ పోరడు డిగ్రీ మధ్యలో ఆపి సెంట్రింగ్ పనికి పోతున్నాడు. రాత్రిపూట ఫోన్లో పేకాట అలవాటైంది. ఒకరోజు 4,000 పోయినయి. పోయినవి రాబట్టాలని రాత్రి ఒంటిగంటకు ఫోన్లోనే అప్పు తీసుకున్నాడు. అదీ పోయింది. ఆ అప్పు కట్టడానికి ఇంకో అప్పు. తెల్లారితే బ్యాంకులో కట్టమని తల్లి ఇచ్చిన గ్రూపు కిస్తు పైసలు కూడా అందులోనే పోయినయి. "గెలిస్తే పొద్దున్నే ఇచ్చేద్దామనుకున్ననే" అన్నాడు తల్లితో.

విషయం తెలిసి మేం ఏం చేశాం? పదిమందిలో నిలబెట్టి తిట్టాం. "సోయి లేదారా, సిగ్గు లేదారా" అన్నాం. ఆ పోరడు మూడు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. తల్లి కూలి మానుకొని మంచం పక్కన కూర్చుంది, ఏం చేసుకుంటాడో అని. అప్పుడు మాకు భయమేసింది. మేం చేసింది తప్పని ఈ సభలోనే ఒప్పుకుంటున్నాం. ఎందుకు తప్పో చెప్పడానికే ఈ మాటలు.

తెలివి లేకనా?

ఆ పోరడు స్లాబుకు ఎన్ని రాడ్లు పడతయో, ఎన్ని బస్తాల సిమెంటు పడుతుందో నోటితో లెక్క చెప్తాడు. మేస్త్రి కాగితం తీసేలోపు చెప్తాడు. ఇట్లాంటి లెక్క తెలిసినవాడు రాత్రి ఒంటిగంటకు అంత తప్పు లెక్క ఎట్లా వేశాడు?

మనవాళ్ల గురించి పెద్దకులాలవాళ్లకు పాత మాట ఒకటి ఉంది. "వీళ్లకు ముందుచూపు ఉండదు, చేతిలో పైసా నిలవదు, ఇయ్యాల దొరికితే ఇయ్యాలే ఊడ్చుకుతింటరు." జీతగాళ్లను పెట్టుకున్న దొరలు ఈ మాటే అన్నారు. సారా అమ్మిన కాంట్రాక్టర్లూ ఈ మాటే అన్నారు. ఇప్పుడు మన నోట కూడా అదే మాట వస్తోంది, మన పిల్లల మీదే. కాబట్టి ఈ తొందరపాటు ఏమిటో, ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుందాం.

నాలుగు కట్టల పేకముక్కలు

1994లో అమెరికాలోని అయోవాలో ఆంటోయిన్ బెచారా, ఆంటోనియో డమాసియో, మరికొందరు శాస్త్రవేత్తలు ఒక పరీక్ష బయటపెట్టారు. మనిషి ముందు నాలుగు కట్టల ముక్కలు పెడతారు. చేతికి 2,000 డాలర్ల ఉత్తుత్తి పైసలిస్తారు. ఏ కట్టలోంచైనా ఒక్కో ముక్క తీయాలి. మొత్తం 100 ముక్కలు. రెండు కట్టల్లో తీసినప్పుడల్లా 100 వస్తుంది, కాని మధ్యమధ్య పెద్ద జరిమానా పడుతుంది. పది ముక్కలకు వచ్చేది 1,000, పోయేది 1,250. మిగతా రెండు కట్టల్లో 50 మాత్రమే వస్తుంది. జరిమానా చిన్నది. పది ముక్కలకు వచ్చేది 500, పోయేది 250. ఈ లెక్క ఆడేవాళ్లకు ముందుగా చెప్పరు.

చాలామంది మొదట 100 వచ్చే కట్టల మీదే పడతారు. దెబ్బలు తిన్నకొద్దీ మెల్లగా 50 కట్టల వైపు మళ్లుతారు. నుదుటి వెనక ఉండే మెదడు భాగం గాయపడినవాళ్లు మాత్రం మళ్లలేకపోయారు. పోతున్నయని తెలిసినా 100 కట్టల మీదికే చెయ్యి పోయింది. ఇదే బృందం 1997లో ఇంకో సంగతి చెప్పింది. ఏ కట్ట చెడ్డదో నోటితో చెప్పగలిగేకన్నా ముందే మామూలు మనుషుల అరచేతిలో చెమట పెరిగింది. మెదడుకు లెక్క అందకముందే ఒళ్లు హెచ్చరిస్తోందన్నమాట.

ఇదే పరీక్షను ఇంటర్నెట్ మితిమీరి వాడేవాళ్లకు కూడా పెట్టారు. చైనాలో చేసి 2009లో అచ్చయిన ఒక పరిశోధనలో వాళ్లు చెడ్డ కట్టలు ఎక్కువ తీశారు. ఆడినకొద్దీ నేర్చుకున్నారు గాని మిగతావాళ్లకన్నా వెనకబడ్డారు. 2010లో తైవాన్‌లో కాలేజీ పిల్లల మీద చేసిన పరిశోధనలో దానికి అడ్డం తిరిగింది. అక్కడ ఇంటర్నెట్ వ్యసనం ఉన్న పిల్లలే ఈ పరీక్ష బాగా చేశారు. అంటే అన్ని పరిశోధనలూ ఒక్క మాట చెప్పడం లేదు. ఎక్కువ పరిశోధనల్లో కనబడేది ఇది: ఆటల వ్యసనంలో పడినవాళ్లు నెల తర్వాత వచ్చే పెద్ద లాభాన్ని వదిలి ఇప్పుడే వచ్చే చిన్న లాభం వైపు మొగ్గుతారు. తొందర ఉండబట్టి వ్యసనం వచ్చిందా, వ్యసనం వల్ల తొందర పెరిగిందా అన్నది ఇంకా తేలలేదు. రెండూ ఒకదాన్నొకటి పెంచవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల పట్టికలో ఆటల వ్యసనాన్ని జబ్బుగా చేర్చింది. ఆ పట్టిక 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. గుర్తులు మూడు చెప్పారు. ఆటను అదుపు చేసుకోలేకపోవడం, తిండి నిద్ర పని అన్నిటికన్నా ఆటే ముందు కావడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం. ఇది మామూలుగా ఏడాదిపాటు సాగితే జబ్బు అంటారు. ఊరికే ఫోను చూసే ప్రతి పిల్లనూ పిల్లగాణ్నీ రోగి అనొద్దు. కాని జబ్బు అయినవాణ్ని తిడితే నయం కాదు. జ్వరం వచ్చినవాణ్ని తిట్టి చూడండి, జ్వరం తగ్గుతుందా?

రెండో మిఠాయి

ఇంకో పరీక్ష గురించి చదువుకున్న తమ్ముళ్లు విని ఉంటారు. వాల్టర్ మిషెల్ అనే ఆయన స్టాన్‌ఫోర్డ్‌లో చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టాడు. "నేను తిరిగి వచ్చేదాకా తినకుండా ఉంటే రెండు ఇస్తా" అన్నాడు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగుపడ్డారని చాలా ఏళ్లు ప్రచారం జరిగింది. ఓపిక ఉన్నవాడు పైకొస్తాడు, లేనివాడు కిందనే ఉంటాడు అని దానికి అర్థం చెప్పారు. మన కిందితనానికి మన ఓపిక లేకపోవడమే కారణమన్నట్టు.

2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్టె కిడ్, ఆమె తోటివాళ్లు దీన్ని కొద్దిగా మార్చి చేశారు. 28 మంది పిల్లలు. ముందుగా కొందరికి "మంచి రంగులు తెస్తా" అని చెప్పి తెచ్చి ఇచ్చారు. ఇంకొందరికి చెప్పి, తేలేదు. తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి కోసం 3 నిమిషాలే ఆగారు. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లల లెక్కలు చూస్తే, ఇంటి పరిస్థితులు లెక్కలోకి తీసుకున్నాక మొదట చెప్పిన సంబంధం చాలావరకు తగ్గిపోయింది.

ఇది మనకు కొత్త సంగతా? 2014లో తెలంగాణలో భూమిలేని దళిత కుటుంబానికి 3 ఎకరాలన్నారు. ఎంతమందికి అందిందో మీ వాడలో మీరే లెక్క పెట్టండి. కాగితం చేతికొచ్చినా భూమి చేతికి రాని ఇండ్లు ఎన్ని? మళ్లీ చూద్దాం, రేపు రాండి అన్న మాటలు విని విని పెరిగిన పిల్లలకు, "ఇప్పుడే ఇస్తా, అయిదు నిమిషాల్లో ఇస్తా" అనేవాడు ఒకడు ఫోన్లో కనబడ్డాడు. వాడి మాట నమ్మడం పిచ్చితనం కాదు. మోసం అక్కడే ఉంది. వాడు మొదటి మాట నిలబెట్టుకుంటాడు, పైసలు నిజంగానే వేస్తాడు. ఆ తర్వాతే మెడకు తాడు.

తమిళనాడులో 464 మంది చెరకు రైతుల మీద చేసిన పరిశోధన ఒకటి 2013లో అచ్చయింది. అదే రైతుకు కోతకు ముందు, చేతిలో పైసలు లేనప్పుడు ఒకసారి, కోత అయ్యాక పైసలు వచ్చినప్పుడు ఒకసారి బుద్ధి పరీక్ష పెట్టారు. కోతకు ముందు తక్కువ మార్కులు వచ్చాయి. మనిషి మారలేదు. తల మీది బరువు మారింది. అప్పు, కిస్తు, ఫీజు, మందులు అన్నీ బుర్రలో తిరుగుతుంటే కొత్త లెక్కకు జాగా ఎక్కడిది? రాత్రి ఒంటిగంటకు ఆ పోరని బుర్రలో ఎంత జాగా ఉందో ఆలోచించండి.

ఫోను లోపల ఏముంది

మనిషి ఇట్లా ఉంటాడని మనకు ఇవాళ తెలిసింది. ఫోను కంపెనీలకు, ఆటల కంపెనీలకు ఎప్పుడో తెలుసు. 1950లలోనే స్కిన్నర్ అనే శాస్త్రవేత్త పావురాల మీద చూశాడు. ముక్కుతో పొడిచినప్పుడల్లా గింజ వస్తే పావురం మామూలుగా పొడుస్తుంది. ఎప్పుడు వస్తుందో తెలియకుండా ఒకసారి ఇచ్చి, పదిసార్లు ఇవ్వకుండా, మళ్లీ ఒకసారి ఇస్తే ఆపకుండా పొడుస్తూనే ఉంటుంది. పేకాట ఆప్‌లో గెలుపు ఇట్లాగే వస్తుంది. వీడియోలు కిందికి తోస్తుంటే మంచిది ఒకటి ఎప్పుడో తగులుతుంది. ఎంత తోసినా అడుగు కనబడని పేజీని 2006లో కనిపెట్టిన ఏజా రాస్కిన్ తర్వాత తానే బాధపడ్డాడు. పుస్తకానికి చివరి పేజీ ఉంటుంది, సినిమాకు శుభం కార్డు ఉంటుంది. దీనికి ఆగే చోటు లేదు.

2016 సెప్టెంబరు నుంచి నెట్ కారుచౌక అయింది. వాడవాడకూ వచ్చింది. దానితో పాటే ఆట, అప్పు, పైసలు పంపడం మూడూ ఒకే అద్దం మీదికి వచ్చాయి. పాతకాలంలో అప్పు కావాలంటే షావుకారి ఇంటికి నడవాలి. దారిలో పెద్దమ్మ ఎదురై "ఎటు పోతున్నవ్ బిడ్డా" అని అడిగేది. ఆ నడకలో సగం తొందర తగ్గేది. షావుకారి మంచివాడని మేం అనడం లేదు. వాడి గడపకూ మన గడపకూ మధ్య దారి ఉండేది, అంతే. ఫోన్లో ఆ దారి లేదు. అరచేతిలో చెమట పట్టేలోపే వేలు నొక్కేస్తుంది.

ఒంటిగంట రాత్రి అప్పు లెక్క

అందరూ వినండి, నోటితో లెక్క వేద్దాం. యాప్‌లో 5,000 అప్పు అన్నాడు. ఫీజు కింద 1,500 ముందే పట్టుకున్నాడు. చేతికి వచ్చింది 3,500. ఏడు రోజుల్లో 5,000 కట్టాలి. అంటే 3,500 మీద వారానికి 1,500 మిత్తి. ఊళ్లో అన్యాయం అని మనం తిట్టుకునే 5 రూపాయల మిత్తికి తెచ్చి ఉంటే, 3,500 మీద నెలకు 175. వారానికి 41 రూపాయలు కూడా కాదు. 41 ఎక్కడ, 1,500 ఎక్కడ! ముప్ఫయి ఆరు రెట్లకు పైనే.

కట్టకపోతే ఏం చేస్తారు? యాప్ ఎక్కించుకునేటప్పుడే మన ఫోన్లోని పేర్లు, నంబర్లు, ఫోటోలు లాక్కుంటారు. చుట్టాలకు, మేస్త్రికి, దోస్తులకు ఫోన్లు చేసి "వీడు దొంగ" అంటారు. ఆడపిల్లల ఫోటోలు మార్చి పంపుతారు. 2020 చివర్లో తెలంగాణలో ఈ వేధింపులకు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడే హైదరాబాదు పోలీసులు అరెస్టులు చేశారు. పరువు అనేది మనం ఎంత కష్టపడి సంపాదించుకున్నామో వాడికి తెలుసు. అందుకే దాని మీదే కొడతాడు. మనం కూడా పదిమందిలో నిలబెట్టి తిడితే వాడి పని మనమే చేసినట్టు. మేం చేసిన తప్పు అదే.

చట్టం ఏమంటుంది

తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఈ పార్లమెంటు చట్టం ఆడేవాడికి శిక్ష పెట్టలేదు, ఆడించేవాడికి పెట్టింది. 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. చట్టం వచ్చిందని ఆట పోయిందనుకోవద్దు. కొత్త పేరుతో, దేశం బయటి నుంచి, వాట్సాప్‌లో లింకుగా వస్తుంది.

అప్పుల మీద రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నియమాలు పెట్టింది, 2025 మేలో మళ్లీ కొత్తగా ఇచ్చింది. అప్పు ఇచ్చే యాప్ మన ఫోన్లోని నంబర్లు, ఫోటోలు చూడకూడదు. అప్పు పైసలు మన బ్యాంకు ఖాతాలోకే రావాలి. వెనక ఏ బ్యాంకు ఉందో, ఏ కంపెనీ ఉందో చెప్పాలి. కనీసం ఒక రోజు గడువు ఇవ్వాలి. ఆ గడువులో అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టి అప్పు వదిలించుకోవచ్చు. ముందే చెప్పి ఉంటే ఫీజు మాత్రం కొంత పట్టుకోవచ్చు. నంబర్లు అడిగిన అప్పుల యాప్ నియమం తప్పినట్టే. అక్కడే ఆపేయండి.

ఫోను పారేద్దామా?

ఒక పెద్దాయన లేచి "ఫోన్లు గుంజుకొని బాయిలో పారేస్తే పీడ పోతది" అన్నాడు. ఆయన కోపం మాకు అర్థమైంది. కాని ఆలోచించండి. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినప్పుడు వార్త బస్సెక్కి, కరపత్రమెక్కి రావాల్సి వచ్చింది. 2016 జనవరిలో రోహిత్ వేముల చివరి ఉత్తరం ఒకట్రెండు రోజుల్లోనే ఫోన్ల మీద వాడవాడకూ చేరింది. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫోన్లో, ఉద్యోగం నోటిఫికేషన్ ఫోన్లో, కొట్టినవాడి వీడియో ఫోన్లో. బాబాసాహెబ్ 1920లో మూక్‌నాయక్ పత్రిక పెట్టింది నోరులేని జనానికి నోరు కావాలనే. మన చేతికి వచ్చిన నోరును బాయిలో ఎందుకు పారేస్తాం?

ఇంకో సంగతి గుర్తు చేస్తాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఏం చేశారు? చదువు నేర్చుకునే బడిలో కూర్చొని, కూలి పైసలు ఎటు పోతున్నయో లెక్క వేసుకున్నారు. తాగినవాళ్లను తిట్టారు, నిజమే. కాని అక్కడే ఆగలేదు. దుకాణం మీదికి పోయారు, వేలంపాట ఆపారు. ఆ పోరాటంలో మన కూలి అక్కలు ముందున్నారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. తాగేవాడి ఒక్కడి బుద్ధి మీద భారం పెట్టి ఉంటే అది వచ్చేదా? ఇవాళ దుకాణం అరచేతిలోకి వచ్చింది. లెక్క వేసుకునే పద్ధతి మాత్రం అదే.

ఏం చేద్దాం

సభలో అందరం ఒప్పుకున్న పనులు ఇవి.

1. రాత్రి అప్పు లేదు. ఎంత అవసరమైనా పొద్దు పొడిచాకే, ఇంట్లో ఒక మనిషికి చెప్పాకే. దవాఖానా అవసరం వస్తే సంఘం తలుపు రాత్రయినా కొట్టండి.

2. గ్రూపు కిస్తు పైసలు ఆట యాప్ ఉన్న ఫోను ఖాతాలో వేయొద్దు. తల్లి ఖాతా తల్లి చేతిలోనే ఉండాలి, దాని పిన్ నంబరు ఆమె నోట్లోనే ఉండాలి. ఫోను ఖాతాలో రోజు ఖర్చుకు సరిపోనంతకన్నా ఎక్కువ పెట్టొద్దు.

3. పడుకునేటప్పుడు ఫోను మంచం మీద వద్దు, గూట్లో పెట్టండి. పెద్దలు ముందు పెడితేనే పిల్లలు పెడతారు. నిద్ర లేని బుర్ర లెక్క సరిగ్గా వేయదు.

4. అప్పులో చిక్కినవాళ్లు దాచొద్దు. ఇంకో అప్పు తేవొద్దు. డిగ్రీ చదివే మన చెల్లెళ్లు ఇద్దరు ఆదివారం అంబేద్కర్ విగ్రహం దగ్గర కూర్చుంటారు. ఏ యాప్, చేతికి ఎంత వచ్చింది, ఎంత కట్టారు, ఎవరు ఏమని బెదిరించారు, అన్నీ కాగితం మీద రాసిస్తారు. బెదిరింపు మెసేజీలు తుడిచేయొద్దు, అవే సాక్ష్యం.

5. బెదిరిస్తే 1930కి ఫోను చేయండి, పోలీసు ఫిర్యాదు రాయండి. ఠాణాకు ఒంటరిగా పోవద్దు, సంఘం వెంట వస్తుంది. ఎస్సీ, ఎస్టీలకు వకీలు ఉచితం. అది 1987 న్యాయ సేవల చట్టం ఇచ్చిన హక్కు. ఆ నంబరు 15100.

6. మనసు బాగాలేకపోతే, ఆట ఆపలేకపోతే 14416కు ఫోను చేయండి. అది సర్కారు నడిపే ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడతారు. జిల్లా దవాఖానాలో మానసిక వైద్యులను అడగండి. అక్కడికి పోవడం సిగ్గు కాదు.

7. తిట్టడం బంద్. ఇది మాకు మేమే పెట్టుకున్న నియమం.

ఒక అక్క అడిగింది: "ఇన్ని చేస్తే మావాడు మారుతాడా?" హామీ ఇవ్వలేం అక్కా. మారడానికి టైం పడుతుంది, మధ్యలో జారుతాడు కూడా. చైనా పరీక్షలో వ్యసనం ఉన్నవాళ్లు కూడా ఆలస్యంగానైనా నేర్చుకున్నారని చెప్పాం గదా. నేర్చుకునేదాకా వాడి పక్కన ఎవరు కూర్చుంటారన్నదే ప్రశ్న. మొన్నటిదాకా ఆ తల్లి ఒక్కతే కూర్చుంది. ఇకనుంచి వాడంతా కూర్చుందాం.

మొదట చెప్పిన పోరడు ఈ సభకు వచ్చాడు. పొద్దున తనే కాగితం తెచ్చి తన అప్పులు రాయించుకున్నాడు. పై లెక్క, వారానికి 1,500 లెక్క, వేసి చూపించింది వాడే. మేం సభలో చదివాం, అంతే. వచ్చే ఆదివారం పక్క ఊరి వాడలో ఆ లెక్క తనే చెప్తానన్నాడు. మనమంతా వాడి వెంట పోదాం.

జై భీమ్.